ఆరడుగుల నేల

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూస్తారు, గోలకొండలో చప్పట్లు కొడతారు. కోట పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కూడా ఓ గంట కూర్చుని రండి. బతికుండగానే తమ గోరీలు కట్టించుకున్నారట ఆ ప్రభువులు. ఎంత ముందుచూపు! కాని ఆఖరివాడైన తానీషా అక్కడ లేడు. రామదాసును చెరలో పెట్టిన ఆ నవాబే 1687లో ఔరంగజేబుకి చిక్కి, దౌలతాబాదు కోటలో ఖైదీగా కన్నుమూశాడు. ఖుల్దాబాదులో ఖననం చేశారు. తమాషా ఏమిటంటే, 1707లో పోయిన ఔరంగజేబు సమాధీ ఆ ఊళ్ళోనే ఉంది!

మనిషికి ఆరడుగుల నేల చాలంటారు పెద్దలు. ఆ ఆరడుగులూ ఎక్కడో మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. కట్టుకోవడం తప్పుకాదు. గజం స్థలం కోసం పక్కింటివాడి మీద కోర్టుకెక్కేముందు మాత్రం, ఆ గుమ్మటాల నీడ ఒక్కసారి తలుచుకుంటే మంచిదేమో!