చేని కలుపు - చిత్తపు కలుపు

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించు రైతునకు పురుగుకంటె ముందు ఎదురగు శత్రువు కలుపు. విత్తిన గింజ మొలకెత్తునప్పటికే తుంగ, గరిక, గలిజేరు, తోటకూర తల లెత్తియుండును. వానిని ఎవ్వరును విత్తలేదు. మరి అవి ఎట్లు వచ్చినవి?

జిల్లేడు గింజ దూదివంటి నూగుతో గాలిలో తేలి వచ్చును. ఉత్తరేణి బట్టలకు అంటుకొని వచ్చును. పల్లేరు పశువుల కాళ్లకు గ్రుచ్చుకొని వచ్చును. తోటకూర గింజ ఏండ్లతరబడి నేలలో నిద్రించి, దుక్కి దున్నగా వెలుతురు సోకినంతనే మేల్కొనును. 1955 ప్రాంతమున పూనా పరిసరములలో గుర్తింపబడిన వయ్యారిభామ నేడు ఈ సీమలోని గట్లపైనను కలదు. అది మొలిచిన నెలకే పూయును. ఒక్క మొక్కయే వేలకొలది గింజలు రాల్చును. అన్నింటికంటె మొండిది తుంగ. పైన కోసిన చావదు. భూమిలో దుంపకు దుంప గొలుసుకట్టుగా నుండి, కొలది దినములలోనే మరల చిగురించును.

చిత్తము కూడ నిట్టి పొలమే. దొంగతనము, హింస, అసత్యము, కోపము, పరులయెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద - బసవేశ్వరుడు విడువుమని బోధించిన ఈ ఏడును విత్తకయే మొలచు కలుపు మొక్కలు. వీనిలో ఏవగింపు తుంగవంటిది. దాని దుంప కులగర్వము.

ఉదయమున ఇష్టలింగపూజ గావించి, విభూతి ధరించి, మిరపతోటకు పోయిన భక్తు నొకని తలంపుడు. తెల్లవారక మునుపే వచ్చిన కూలి స్త్రీలు నడుము వంచి సాలువెంట సాలుగా కలుపు తీయుచున్నారు. ఇంటినుండి తేనీరు వచ్చినది. అతడు తన లోటా వేరుగ నుంచుకొని, వారికి చెట్టుకొమ్మకు తగిలించిన గ్లాసులను చూపినాడు. తోటలోని కలుపు వారు తీసిరి. అతనిలోని కలుపు ఎవరు తీయుదురు? ప్రక్కన నిలిచిన కుమారుడు, ఒక్క మాటయైన వినకయే, ఆ గింజను తన మనస్సున నాటుకొనును. కలుపు ఒక తరమునుండి మరియొక తరమునకు ప్రాకు విధ మిదియే.

శరణధర్మమున కాయకమునకు ఎక్కువ తక్కువలు లేవు. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణకులమున జన్మించిన మధువరసు తన కుమార్తె నిచ్చెను. అందులకై ఆ తండ్రు లిరువురును ప్రాణములనే కోల్పోయిరి. తుంగను దుంపతో త్రవ్వుట యనగా నట్టిది. అంతటి మూల్యము చెల్లించిన శరణుల పేరు చెప్పుకొనువారు రెండు రకముల గ్లాసు లుంచుట తగునా?

కలుపును పూత రాకముందే తీయవలెను. చేను బాగుచేసి గట్టును విడిచినచో, గట్టుమీది గింజయే మరల చేనిలో పడును. పూజామందిరము చేనైనచో, ఇతరులతో మెలగు తావు గట్టు. కావున మరునాడు కలుపువారు వచ్చునప్పటికే కొమ్మనున్న గ్లాసులు దింపవలెను. ఇంటివా రందరు త్రాగు గ్లాసులలోనే వారికిని తేనీరు పోయవలెను. ఆ గ్లాసులను కుమారుని చేతనే అందింపవలెను. ఇది ఒక్కనాటితో ముగియు పని కాదు. లింగపూజవలెనే నిత్యమును చేయదగినది.