నలభై రెండో రోజు



ఈ ఏడాది కూడా అల్ ఘర్రాఫాలో మన ఇళ్ళలో అయ్యప్ప పడిపూజలు చక్కగా జరిగాయి. ఆ సందర్భంలో నాలుగేళ్ళ నాటి ఒక విషయం గుర్తుకొచ్చింది. మీతో చెప్పుకుంటే కొంత బరువు తగ్గుతుందని రాస్తున్నాను.

మా వీధిలో ఉండే ఒక అన్నయ్య ఆ సంవత్సరం మొదటిసారి మాల వేసుకున్నారు. అంతకుముందు రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి. మాల పడ్డాక 41 రోజులు ఒక్కటీ ముట్టలేదు. శబరిమల వెళ్ళి, మాల తీసి, తిరిగి వచ్చిన మొదటి శుక్రవారం సాయంత్రం మేం నలుగురం పార్కింగు దగ్గర కబుర్లాడుతున్నాం. మాలో ఒకరు పెట్టె తెరిచి, "ఇంక స్వామివి కాదుగా అన్నయ్యా, తీసుకో" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత తీసుకున్నారు.

నిరుడు వాళ్ళ పాప "నాన్నా, మళ్ళీ మాల ఎప్పుడు వేసుకుంటావు?" అని అడిగిందట. ఆ మాట చెప్పి ఆయన నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఆ 41 రోజులూ ఆయన చేత మాన్పించినది ఏమిటి? భక్తి, పట్టుదల తప్పకుండా ఉన్నాయి. కానీ మనమూ ఉన్నాం. ఆయన ముందు ఎవరూ సిగరెట్టు వెలిగించలేదు. చిన్నా పెద్దా "స్వామీ" అని పిలిచాం. రోజుకొకరం భిక్షకు పిలిచాం, సాయంత్రాలు భజనలో పక్కన కూర్చున్నాం. మాల తీసిన మర్నాడే ఆ తోడంతా తీసేశాం.

పొగ మానిన వారికి మొదటి వారం చాలా కష్టంగా ఉంటుందనీ, చిరాకు, నిద్రలేమి వంటి బాధలు సాధారణంగా మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయనీ వైద్యులు చెబుతారు. అంటే 41 రోజులు దాటిన మనిషి కష్టమైన ఏరు ఈదేసినట్టే. తర్వాత లాగేవి టీ కప్పు, పని ఒత్తిడి, నలుగురు కలిసే చోటు. ఆ నలుగురిలో మనమూ ఉంటాం కదా!

"ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం, మనకెందుకు?" అని కొందరు అనవచ్చు. నిజమే, పెద్దమనిషిని నలుగురిలో నిలదీసి సిగ్గుపడేలా చేయడం తప్పు. అలా చేస్తే ఆయన మానడం అటుంచి, మన గడప తొక్కడం మానేస్తారు. కానీ మానాలని ఆయనే అనుకున్నప్పుడు పక్కన నిలబడడం జోక్యం ఎలా అవుతుంది? సిగరెట్టు చేతికిచ్చినప్పుడు లేని మొహమాటం, మానమని చెప్పేటప్పుడే ఎందుకు వస్తుంది?

తోడుగా నిలిస్తే ఫలితం ఉంటుందనడానికి మన తెలుగునాటే ఒక ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం పల్లెల్లో చుట్టను నిప్పు నోటిలోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్ళలో బాగా ఉండేది. దానివల్ల అంగిట్లో కాన్సరు వచ్చేది. 1970ల చివర పరిశోధకులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారి దగ్గరకు వెళ్ళారు. ఒకసారి చెప్పి ఊరుకోకుండా, ఏటేటా వెళ్ళి నోరు పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. అంతకుముందు చూసిన వారికంటే వీరిలో ఎక్కువ మంది మానేశారని 1986లో ప్రకటించారు. అందరూ మానలేదు. అయినా మళ్ళీ వచ్చి అడిగేవారు ఉండడం వల్ల ఎంతో మేలు జరిగింది.

ఇక్కడ ఖతార్‌లోనూ సాయం దొరుకుతుంది. హమద్ మెడికల్ కార్పొరేషన్‌లోని పొగాకు నియంత్రణ కేంద్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తన సహకార కేంద్రంగా గుర్తించింది. అవసరమైన వారికి అక్కడి వైద్యులు మందులు, సలహాలు ఇస్తారు. ఒంటరిగా వెళ్ళడానికి సంకోచించే వారిని మనం కారులో తీసుకెళ్ళవచ్చు. ముఖ్యంగా కుటుంబాలను ఊళ్ళో వదిలి, నలుగురైదుగురు కలిసి గదుల్లో ఉండే తమ్ముళ్ళను మరచిపోకూడదు. పూజ ప్రసాదం ఇచ్చి పంపడంతో మన బాధ్యత తీరదు. మాల తీసిన తర్వాత కూడా వారానికోసారి భోజనానికి పిలుద్దాం. ఎలా ఉన్నారో అడుగుదాం. ఎవరైనా మళ్ళీ మొదలుపెడితే ఎత్తిపొడవకుండా, మళ్ళీ మానడానికి తోడుందాం.

ఆ అన్నయ్య ఈ ఏడాది మళ్ళీ మాల వేసుకున్నారు. ఇదంతా ఆయనకు చెప్పే రాస్తున్నాను. మకరజ్యోతి దర్శనం చేసుకుని వచ్చే వారం తిరిగి వస్తారు. ఆ శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో టీ, అరిసెలు ఉంటాయి. అందరూ రండి. జేబులో పెట్టె మాత్రం తేవద్దని మనవి.