పిల్లచేపకు దారి

చేపను చంపడం పాపమా అన్న ప్రశ్న మనకు పాతదే. మహాభారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే కౌశికుడికి ధర్మం బోధిస్తాడు. నాగలి కింద చచ్చే జీవుల మాటేమిటని అడుగుతాడు. బతకాలంటే కొంత హింస తప్పదని ఒప్పుకున్నాక మిగిలేదే అసలు బరువైన ప్రశ్న: ఆ హింసకు హద్దు ఎవరు గీయాలి? కొల్లేటి వేట మారిన తీరు చూస్తే, ఒకప్పుడు ఆ హద్దు నీటిలోనూ పనిముట్టులోనూ ఉండేదనీ, అక్కడ చెరిగిపోయాక దాన్ని గీసే బాధ్యత మన మీద పడిందనీ నేను నమ్ముతున్నాను.

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోతుంది. వానల్లో ఉబ్బి ఎండల్లో ముడుచుకునే ఆ సరస్సులో లంకల వాళ్లు తాటి దోనెల మీద తిరుగుతూ చేపలు పట్టే వెదురు మావులు పెట్టేవారు. బద్దల సందుల్లోంచి పిల్లచేప జారిపోయేది. నూలు వల నానితే చీకిపోయేది, ఆరబెట్టే రోజున వేట ఆగేది. నైలాన్ వలకు ఆ విరామం అక్కర్లేదు. 1957లో ఒడిశాలో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించారు. బొచ్చె, శీలావతి పిల్లల కోసం ఏటి వరదకు ఎదురుచూసే పని తప్పింది. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల చేత సరస్సులో చెరువులు తవ్వించింది. క్రమంగా వాటి మీద పెత్తనం పెట్టుబడి ఉన్నవాళ్లకు పోయింది. గట్లు లేచినకొద్దీ కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి తిరిగే పల్లం కుదించుకుపోయింది.

పాతవాళ్లు పుణ్యాత్ములేం కాదు, చేతగాక వదిలేశారు అనవచ్చు. నిజమే. చేయలేనిది మానడంలో ధర్మం లేదు. చేయగలిగీ మానడంలోనే ఉంది. అంటే ఈ ప్రశ్న మన తాతల కంటే మనకే ఎక్కువ వర్తిస్తుంది. పెంచిన చేప ఎందరికో చౌకగా తిండి పెడుతోంది కదా అన్న వాదన ఇంకా గట్టిది, దాన్ని తోసెయ్యలేను. కానీ పెంపకం పొలంలో సాగడం వేరు, సరస్సు కడుపులో గట్లు వేయడం వేరు. రెండోదాని వల్ల వరద నీటికి ఉప్పుటేరు దాకా దారి ఉండదు. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు (+5 కాంటూరు) దాకా అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చినా ఆక్రమణలు ఆగలేదు. 2006లో గట్లు కొట్టించాల్సి వచ్చింది.

ఆంక్షల భారం చివరికి పేదవాడి మీదే పడుతుందన్నది అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం. అయితే ఆ భారాన్ని పంచే ఆలోచన పాతదే. అశోకుడి ఐదో స్తంభ శాసనం కొన్ని పవిత్ర దినాల్లో చేపలు చంపరాదని చెప్పి ఊరుకోలేదు, అమ్మరాదని కూడా అంది. అమ్మకం ఆగితే కొనేవాడికీ నియమం వర్తించినట్టే. బౌద్ధం భట్టిప్రోలు దాకా వచ్చి స్తూపం కట్టుకున్న ఈ నేల మీద ఆ ఆలోచన పరాయిది కాదు. నేడు సముద్ర వేట నిషేధం వల్ల నిజాంపట్నం పడవలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఒడ్డునే ఉంటాయి; ఆ కాలానికి మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. సముద్రంలో సాధ్యమైనది సరస్సులో ఎందుకు కాదు? గుడ్లు పెట్టే కాలంలో కొల్లేట్లో వల ఆపమన్నప్పుడు, ఆ కూలి నష్టాన్ని దోనె మీదివాడొక్కడికే వదిలేయకూడదు. చెరువుల లాభం తిన్నవాళ్లూ, తెనాలిలోనో అంగలకుదురులోనో ఆ చేపను కొనుక్కునే మనమూ అందులో వాటా భరించాలి.