తెల్లవారువరకు లంగరు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 27 నుండి 44 వరకు



ఈ నెల మేము మొదట మా తప్పిదమొకటి ఒప్పుకొనవలసియున్నది.

మన సంఘములోని ఒక సహోదరికి రొమ్ములో కేన్సరు గడ్డ కనబడగా ఆపరేషను జరిగినది. తరువాత కీమో సూదులు వేసిరి, కరెంటు పెట్టిరి. కడపటి కరెంటు ముగిసిన ఆదివారమున, ఆమెకు సంపూర్ణ స్వస్థత కలిగినదని మేము ప్రసంగపీఠము మీదనుండి ప్రకటించితిమి. సంఘమంతయు సంతోషించెను. ఆ యింటివారు కృతజ్ఞతార్పణగా ఒక బస్తా బియ్యము తెచ్చిరి. అయితే డాక్టరుగారు ఆ మాట అనలేదు. చికిత్స ముగిసినది, కొన్నాళ్లకు స్కానింగు తీసి చూతము అని మాత్రమే ఆయన అనెను. ఆయన అనని మాట మేము అంటిమి.

స్కానింగులో ఊపిరితిత్తి మీద మినపగింజంత మచ్చ కనబడెను. అది పాత జబ్బు మానిన మచ్చయో, కేన్సరు ప్రాకినదో ఇప్పుడే చెప్పలేమనియు, మూడు నెలలకు మరల రావలెననియు డాక్టరుగారు చెప్పిరి. ఆ తరువాత మూడు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. అమ్మగారును మేమును వారి యింటికి వెళ్లితిమి. ఆమె చేటలో బియ్యము చెరుగుచు, తల యెత్తకుండ ఇట్లనెను: “తగ్గిపోయిందని మీరే చెప్పారు గదా అయ్యగారూ! ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని గుడికి రాను? విశ్వాసం లేకనే మళ్లీ వచ్చిందంటారు. ఉందంటే ఓర్చుకుంటాను. లేదంటే స్తోత్రం చెప్పుకుంటాను. ఏదీ తెలియదంటే ఏమని ప్రార్థన చేయమంటారు?”

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె సెలవు పుచ్చుకొనియే, పేరు చెప్పక, ఈ సంగతి వ్రాయుచున్నాము. ఆ ప్రశ్న మన ఊళ్లలో అనేక గృహములలో ఉన్నదని ఎరుగుదుము.

పౌలు ఎక్కిన ఓడను జ్ఞాపకము చేసికొనుడి. పదునాలుగవ రాత్రి. సూర్యుడైనను నక్షత్రములైనను కనబడక అనేక దినములాయెను. నడిరాత్రివేళ దరి సమీపించినట్టు నావికులకు తోచి, లోతు చూచిరి. ఇరువది బారలుండెను. కొంత దూరము పోయి మరల చూడగా పదునైదు బారలాయెను. లోతు తగ్గుచున్నదని తెలిసినది గాని, ఎదుట ఉన్నది ఇసుక దరియో, రాతిగుట్టయో తెలియలేదు. అప్పుడు వారు నాలుగు లంగరులు వేసి, తెల్లవారుటకై కాచుకొనియుండిరి.

స్కానింగు కూడ లోతు చూచుట వంటిదే. 1971వ సంవత్సరమున ఇంగ్లాండులో మొదటిసారి ఒక రోగి తలను సి.టి. స్కానింగు తీసిరి. కోయకుండనే శరీరము లోపల చూడగలుగుట దేవుని ఈవియని మేము ఎంచుచున్నాము. అయినను అది చీకటిలో వేసిన త్రాడు. అక్కడ ఏదో యున్నదని చెప్పును గాని, ప్రతిసారి దాని పేరు చెప్పలేదు. పెట్ స్కానింగులో చక్కెరవంటి మందు నరమున ఎక్కించెదరు. చక్కెరను ఎక్కువగా పీల్చుచోట్లు పటములో వెలిగి కనబడును. కేన్సరు వెలుగును, క్షయయు, వాపును, మానుచున్న గాయమును కూడ వెలుగును. అందుచేతనే కొన్నిమార్లు ముక్క తీసి పరీక్షింతురు. ముక్క తీయలేనంత చిన్నదైనయెడల, కొన్నాళ్లు ఆగి, పెరిగినదో లేదో చూతురు. ఆగుమనుట డాక్టరుగారి అశ్రద్ధ కాదు, రోగి అవిశ్వాసము అంతకంటె కాదు.

ఆ నాలుగు లంగరులకు లేఖనము పేర్లు పెట్టలేదు, మేమును పెట్టము. ఆ రాత్రి ఓడలో జరిగిన కార్యములను మాత్రము చూతము.

కొందరు నావికులు లంగరు వేయువారివలె నటించి, పడవ దింపి పారిపోజూచిరి. వీరు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. చెప్పిన తేదీకి స్కానింగుకు పోక, భయముచేత ఆకుపసరులకును, డబ్బు తీసికొని స్వస్థత అమ్మువారి యొద్దకును పరుగెత్తుట ఆ పడవ దింపుట వంటిదే. ప్రార్థన చేయుడి, తేదీ తప్పకుడి. పాత రిపోర్టులన్నియు సంచిలో పెట్టుకొని వెళ్లుడి. పాత పటముతో పోల్చి చూచినగాని క్రొత్త పటము అర్థము కాదు. అడుగవలసిన ప్రశ్నలు చీటీ మీద వ్రాసికొని, తోడుగా ఒకరిని తీసికొని వెళ్లుడి.

తెల్లవారుచుండగా పౌలు రొట్టె పట్టుకొని, అందరి యెదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి తినెను. తుపాను తగ్గలేదు, దరి పేరు తెలియలేదు, అయినను తినెను. మన సహోదరి అడిగిన ప్రశ్నకు మాకు ఇక్కడ కొంత జవాబు దొరికినది. తెలియని దినములలో మూడు నెలల బలము అడుగనక్కరలేదు. ఈ పూట అన్నము, ఈ రాత్రి నిద్ర, రేపటి ఉదయము లేచు శక్తి అడిగిన చాలును.

ఆ ఓడలో పౌలు ఒంటరిగా లేడు. ఈ సంగతి వ్రాసిన లూకా “మేము” అని వ్రాసెను గనుక అతడును అక్కడనే యున్నాడు. అతడు వైద్యుడని కొలొస్సయుల పత్రికలో చదువుచున్నాము. దేవదూత మాట విన్న అపొస్తలుడును, వైద్యుడును ఒకే ఓడలో తడిసిరి. ప్రార్థనకును వైద్యమునకును వైరము పెట్టువారు దీనిని ఆలోచించుదురు గాక.

మరి ఆ మచ్చ కేన్సరేయని తేలినయెడల? ఈ ప్రశ్నను మేము దాటిపోము. ఓడ నిలుచునని పౌలు చెప్పలేదు. ఓడ పోవును, ప్రాణములు పోవు అని చెప్పెను. అట్లే ఓడ వెనుకభాగము అలలకు బద్దలాయెను. ఈతగాండ్రు ఈదిరి, తక్కినవారు పలకలు పట్టుకొనిరి. 276 మందియు దరి చేరిరి.

ప్రాకినదని వినిన దినముననే వైద్యము ముగియదు. రొమ్ము కేన్సరు ఎముకకు ప్రాకినను అది రొమ్ము కేన్సరే. దానికి తగిన మందులు కలవు. వాటితో సంవత్సరములు బ్రదుకువారు కలరు. ఎముక నొప్పికి కరెంటు పెట్టుదురు. ఓర్వలేని నొప్పికి మార్ఫిను ఇత్తురు. దానిని రోగులకు సులభముగా అందింపవలెనని 2014లో మన దేశపు చట్టమును సవరించిరి. నొప్పి ఓర్చుటయే భక్తియని యెంచి మందు మానకుడి. ఈ పలకలను దేవుడే తేలనిచ్చుచున్నాడు. ఒక దినము దేహమను ఓడ మనందరికిని బద్దలగును. ఆ దినమున మనలను దరి చేర్చువాడు తానే మరణపు నీళ్లలో దిగి లేచినవాడు.

సంఘమునకు ఒక మాట. రోగిని చూడగానే “రిపోర్టు ఏమి వచ్చినది?” అని అడుగకుడి. ఆమె పట్టణము వెళ్లు దినమున పిల్లలకు అన్నము పెట్టుడి, గేదెకు గడ్డి వేయుడి, బస్సు చార్జీ చేతిలో ఉంచుడి. మేమును ఇకమీదట డాక్టరు చెప్పని మాట పీఠము మీద చెప్పము.

పోయిన ఆదివారము ఆ సహోదరి గుడికి వచ్చి, తన పాత చోటనే చాప మీద కూర్చుండెను. వచ్చే నెలలో ఆమెకు స్కానింగు. ఏమి వచ్చునో మాకు తెలియదు. ఆమెతో కూడ బస్సెక్కెదమని మాత్రము మాట ఇచ్చితిమి.

ప్రార్థన: ప్రభువా, మాకు తెలియనిది నీకు తెలియును. తెల్లవారువరకు మమ్మును పట్టుకొనుము. ఈ పూట ఆహారము మాకు రుచింపజేయుము. ఆమేన్.