చూపు తగ్గిన పెద్దలు - ఇంటివారి ధర్మము

దృష్టి క్షీణించిన వృద్ధుడు దిగులుతో కుంగిపోయినచో అది అతని భక్తిలోపమా, ఇంటివారి ధర్మలోపమా? ఈ ప్రశ్న ప్రతి వీరశైవ గృహమునందును విచారింపదగినది. “ఈ వయసున చూచి చేయవలసినదేమున్నది? శివశివా యనుచు కూర్చుండరాదా?” అని పెద్దలకు చెప్పుట లోకమున పరిపాటి. ఈ మాట పైకి వైరాగ్యబోధవలె వినిపించును. దీనిలో ఉపేక్ష దాగియున్నది.

బంటుమిల్లి ప్రాంతమున వరిసాగు చేయు కుటుంబమును తలంపుడు. తెల్లవారకముందే కాలువగట్టు వెంట నడచి, మడిలో నీరెంత నిలిచినదో చూచివచ్చు అలవాటుగల పెద్దకు చూపు మసకబారినది. గట్టుపై కాలుజారునని కుమారుడు పోనీయడు. అడ్డముగా ఏదైన తగులునని కోడలు పెరటిలోనికిని రానీయదు. అందరిదీ ప్రేమయే. కాని కొన్ని మాసములు గడచుసరికి ఆ పెద్దకు చేయుటకు పని యుండదు. ఎదుటివారి ముఖము పోల్చలేక పలుకరించుట మానును. ఆకలి తగ్గును, నిద్ర చెడును. “నేను మీకు బరువైతిని” అను మాట నోట వచ్చును. ఇంటివారు దానిని ముసలితనపు చాదస్తమందురు.

వైద్యులు చాదస్తమనరు, మానసిక కుంగుబాటు అను వ్యాధి యందురు. దృష్టిలోపముతో కంటి వైద్యశాలలకు వచ్చువారిలో సుమారు నలుగురికొకరు దీనితో బాధపడుచున్నారని, పలు పరిశోధనలను క్రోడీకరించి 2021లో వెలువడిన ఒక సమీక్ష తెలిపినది. కుంగినవాడు చికిత్సయందు అశ్రద్ధ వహించును. అందుచే చూపు మరింత చెడును. మరియొక సంగతి గలదు. చూపు బాగుగా తగ్గినవారిలో కొందరికి ఎదుట లేని మనుష్యులు, ఆకారములు కనిపించును. స్విట్జర్లాండు పండితుడు చార్లెస్ బోనె తన తాతగారియందు దీనిని గమనించి 1760లో వ్రాసెను. ఇది పిచ్చి కాదు, గాలి సోకుటయు కాదు. అట్లనుకొందురను భయముచే వృద్ధులు దీనిని దాచి లోలోన కుమిలిపోవుదురు.

లింగధారికి వేరొక వేదన కూడ గలదు. ఎడమ అరచేతియందలి ఇష్టలింగముపై దృష్టి నిలిపి పూజించుట అతని జీవితకాలపు అలవాటు. ఆ లింగమే కంటికి ఆననపుడు “శివుడు నన్ను విడిచెనా?” యను శంక పుట్టును. సిద్ధాంతము దీనికి సమాధానము చెప్పుచున్నది. నాసికయందు ఆచారలింగము, జిహ్వయందు గురులింగము, నేత్రమునందు శివలింగము, చర్మమునందు జంగమలింగము, శ్రోత్రమునందు ప్రసాదలింగము, హృదయమునందు మహాలింగము నెలకొనియున్నవి. ఒక ద్వారము మూసికొన్నను తక్కిన ఐదును తెరచియే యుండును. చేతిలోని ఇష్టలింగము స్పర్శకు దూరము కాదు.

అట్లని చికిత్స వలదనుట తగదు. బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు చెప్పిన కన్నప్ప కథ వీరశైవులకు క్రొత్త కాదు. ఒక కంటిని స్వామికి అర్పించిన ఆ భక్తుడు రెండవదానిని తీయబూనగా శివుడు వారించెను. త్యాగమును మెచ్చిన శివుడే భక్తుని అంధత్వమును కోరలేదు. ఇంటివారు కోరవచ్చునా?

కావున మొదటి ధర్మము వైద్యము. శుక్లము శస్త్రచికిత్సతో తొలగును. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగిరాదు. వేళకు గుర్తించి మందు వాడినచో మిగిలిన చూపును కాపాడుకొనవచ్చును. మధుమేహము గలవారు ఏటేట కన్నులు చూపించుకొనవలెను. బంటుమిల్లి వారికి మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రియు, విజయవాడ చెంత తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు కలవు. మనోవ్యాధికిని మందు గలదు, మాటసాయము గలదు. కేంద్రప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలిమానస్ వారితో 14416 సంఖ్యపై మాటలాడవచ్చును.

రెండవ ధర్మము పెద్దల కాయకమును హరింపకుండుట. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కాయకమును పూజతో సమానముగ నిలిపెను. చేతిపని లేనివానికి బ్రతుకు బరువగుట వింత కాదు. పూజకు మారేడు దళములు వేరుచేయుట, మనుమలకు శరణుల చరితములు చెప్పుట, సేద్యపు ఆలోచన చెప్పుట చూపు లేకున్నను సాగును. వస్తువులను చోటు మార్చక యుంచవలెను. మెట్ల అంచులకు సున్నము పూయవలెను. గదిలోనికి వచ్చువారు తమ పేరు చెప్పి పలుకరింపవలెను. మఠమునకు పెద్దలను చేయిపట్టి తీసికొనిపోవలెను. ఇంటికి వచ్చు జంగమస్వాములు ఆశీర్వచనముతోపాటు “నిద్ర పట్టుచున్నదా? భోజనము రుచించుచున్నదా?” యని అడిగినచో అదియు గొప్ప సేవయే.

ఇవియన్నియు దాసోహమే. కన్నిచ్చిన భక్తుని కథను భక్తితో వినుచు, కన్ను మసకబారిన తండ్రిని మూల కూర్చుండబెట్టుట శివాచారము కాజాలదు.