యూదుల ధర్మశాస్త్రము: విధియు వివేకమును

ఈశ్వరదత్తమని నమ్మబడిన శాసనమును మనుష్యుడు సవరింపవచ్చునా? సవరింపగూడదన్నచో, కాలము మారినకొలది ఆ శాసనమే యన్యాయమునకు సాధనము కావచ్చును. సవరింపవచ్చునన్నచో, అది యీశ్వరదత్తమను మాటకు అర్థమేమి మిగులును? శాస్త్రప్రమాణమును గౌరవించుచు సంఘక్షేమమును గోరు ప్రతివాని యెదుటను ఈ ప్రశ్న నిలుచును. దీనిని రెండువేల సంవత్సరములుగా విడువక విచారించుచున్నవారు యూదులు. వారి మతమును మనలో ననేకులు క్రైస్తవ గ్రంథముల మూలముననే యెరుగుదురు. అందు యూదమతము క్రొత్తనిబంధనకు పూర్వరంగముగా మాత్రమే కనబడును. కాని యది సుమారు 1 కోటి 50 లక్షల జనులు నేటికిని తమదని చెప్పుకొను సజీవమతము. దాని విశ్వాసములను, గ్రంథములను, ఆచారములను ముందుగా సంగ్రహముగా దెలిసికొని, పిమ్మట మన ప్రశ్నకు వత్తము.

యూదమతమునకు మూలస్తంభము ఏకేశ్వరవిశ్వాసము. దేవుడొక్కడే, ఆయనకు రూపము లేదు, ఆయనకు ప్రతిమ చేయరాదు. మోషేకు దెలుపబడిన దేవుని నామమును భక్తులు నోట నుచ్చరింపక, దానికి బదులు ప్రభువను నర్థముగల పదమును జదువుదురు. ఆ దేవుడు అబ్రాహాముతో నిబంధన చేసెననియు, ఐగుప్తు దాస్యమునుండి అతని సంతతిని విడిపించి, సీనాయి కొండయొద్ద వారికి ధర్మశాస్త్రము నొసగెననియు వారి విశ్వాసము. తాము ఎన్నుకొనబడిన జనమని వారు చెప్పుకొనుట కలదు. ఆ మాటను గర్వోక్తిగా గ్రహించుట సరికాదు. అధికమైన హక్కులకొరకు గాక, అధికమైన బాధ్యతలకొరకే ఆ యెన్నిక జరిగినదని వారి పెద్దలు బోధించిరి. తక్కిన మానవులందరు యూదులు కానక్కరలేదు. విగ్రహారాధనము, దైవదూషణ, హత్య, వ్యభిచారము, చౌర్యము, బ్రదికియున్న జంతువునుండి కోసిన మాంసమును దినుట అను నారింటిని విడిచి, న్యాయస్థానములను నెలకొల్పుకొన్నచో చాలును. ఇవియే నోవహు సంతతి కనగా సర్వమానవులకు విధింపబడిన యేడు ఆజ్ఞలు. అన్యజనులలోని నీతిమంతులకు పరలోకమున భాగము కలదని వారి ప్రాచీనాచార్యులే నిర్ణయించిరి. న్యాయస్థానముల స్థాపనము సర్వమానవధర్మములలో నొకటిగా జేర్చబడుట గమనింపదగిన విషయము.

వారి వేదమునందు 24 గ్రంథములు గలవు. మోషే పంచకాండములు మొదటి భాగము. దీనికి తోరా యని పేరు. ప్రవక్తల గ్రంథములు 8 రెండవ భాగము. కీర్తనలు, సామెతలు, యోబు మున్నగు 11 గ్రంథములు మూడవ భాగము. ఇది లిఖితశాస్త్రము. దీనితోగూడ గురుశిష్యపరంపరగా వచ్చిన మౌఖికశాస్త్రము నొకటి గలదని వారు నమ్ముదురు. దానిని క్రీ. శ. 200 ప్రాంతమున యెహూదా హనాసి యను నాచార్యుడు మిష్నా యను పేర సంకలన మొనర్చెను. మిష్నాపై గలిలయ ప్రాంతమందును, బాబిలోనియాయందును పండితులు సాగించిన చర్చలే రెండు తల్ముదు గ్రంథములైనవి. బాబిలోనియా తల్ముదు ఆరవ శతాబ్దినాటికి నించుమించుగా నేటి రూపమును బొందెను. మైమోనిదీసు (1138–1204) శాస్త్రమునంతయు క్రమపరచి గొప్ప స్మృతిని రచించెను. విశ్వాసమునకు 13 సూత్రములను గూడ నేర్పరచెను. 1565లో ముద్రితమైన యోసేపు కారో ధర్మసంగ్రహము నేటికిని ఆచారపరులకు ప్రమాణము. అయినను, నీవేమి నమ్ముచున్నావను ప్రశ్నకంటె నీవేమి చేయుచున్నావను ప్రశ్నకే ఈ మతమున ప్రాధాన్య మెక్కువ.

చేయవలసినవియు మానవలసినవియు గలిపి ఆజ్ఞలు 613 అని సంప్రదాయము. దినమునకు మూడుమారులు ప్రార్థన. సామూహిక ప్రార్థనకు కనీసము పదుగురుండవలెను. మగశిశువునకు ఎనిమిదవ దినమున సున్నతి. పందిమాంసము నిషిద్ధము, మాంసమును పాలను గలిపి భుజింపరాదు. శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము రాత్రి వరకు విశ్రాంతిదినము. ఆనాడు 39 విధములైన పనులు నిషిద్ధములు. గృహిణి దీపములు వెలిగించును, గృహస్థుడు ద్రాక్షారసపాత్రను చేతబట్టి దేవుని స్తుతించును. సేవకునకును, పశువునకును గూడ ఆనాడు విశ్రాంతి నీయవలెనని శాస్త్రమే విధించినది. వారి మాసములు చాంద్రమానములు. మనవలెనే వారును అధికమాసమును జేర్తురు. 19 సంవత్సరములలో ఏడు మారులు అట్టి మాసము వచ్చును. పస్కా పండుగలో పులియని రొట్టె దినుచు దాస్యవిమోచనకథను పిల్లలకు జెప్పుదురు. ప్రాయశ్చిత్తదినమున దినమంతయు నుపవసింతురు. ఆ యుపవాసము దేవునియెడ జేసిన యపరాధములనే కడుగును. తోడిమనుష్యునియెడ జేసినవానిని, వానియొద్దకు బోయి క్షమాపణ వేడి వానిని సమాధానపరచినగాని కడుగదు. దానమునకు వారు వాడు పదము న్యాయమను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మైమోనిదీసు దానమును ఎనిమిది తరగతులుగా విభజించి, బీదవాడు మరల యాచింపనక్కర లేకుండ వానికి జీవనోపాధి గల్పించుటయే యుత్తమోత్తమమనెను.

ఇక మన ప్రశ్న. క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిరి. శాస్త్రములోని బలివిధులన్నియు దానితో ననుష్ఠానయోగ్యములు కాకపోయెను. మతము నశింపవలసినదే. కాని యోహానాను బెన్ జక్కాయి మొదలగు ఆచార్యులు యబ్నే పట్టణమున గూడి, బలికి బదులు ప్రార్థనయు, అధ్యయనమును, దయాకార్యములును నిలిపిరి. పురోహితుని స్థానమును పండితుడు వహించెను. శాస్త్రమునందలి యక్షరము మారలేదు. దాని యాచరణము మారినది.

ఇట్టి మార్పు అంతకుముందే యారంభమైనది. ప్రతి యేడవ సంవత్సరమున ఋణములన్నియు రద్దు కావలెనని ద్వితీయోపదేశకాండము విధించినది. బీదలను రక్షించుటకే యీ విధి. కాని యాచరణమున, రద్దగునను భయముచేత ధనికులు అప్పిచ్చుట మానిరి. విధి బీదలకే కీడైనది. అప్పుడు హిల్లేలు అను నాచార్యుడు, అప్పులవసూలును ముందుగనే న్యాయసభకు అప్పగించు పత్రము నొకదానిని గల్పించెను. రద్దు వ్యక్తులు వసూలుచేయు ఋణములకే గాని సభకు అప్పగించినవానికి వర్తింపదు. ఈ యుపాయమును దంత్రమని యాక్షేపింపవచ్చును. కాని విధి యెవరికొరకు బుట్టినదో వారినే రక్షించినది గనుక, విధి యుద్దేశమును నిలిపినదని చెప్పుటయే న్యాయము.

కంటికి కన్ను అను శాసనమునకు ఆచార్యులు నష్టపరిహారధనమని యర్థము నిర్ణయించిరి. అవిధేయుడగు కుమారుని రాళ్లతో గొట్టి చంపవలెనను విధికి, అది యెన్నడును వర్తింపజాలనంతటి నిబంధనలను జేర్చిరి. అట్టి కుమారుడు పుట్టనూలేదు, పుట్టబోడు అనునొక యభిప్రాయము తల్ముదులో గలదు. ఏడు సంవత్సరముల కొకనికి మరణశిక్ష విధించిన న్యాయసభ వినాశకరమైనదని మిష్నా చెప్పుచున్నది. డెబ్బది సంవత్సరముల కొకటి యైనను అంతేయని వేరొకరనిరి. తాము సభలో నున్నచో నెవ్వనికిని మరణశిక్ష పడనిచ్చియుండమని ఆకీబా, తార్ఫోను లనిరి. అట్లైన హంతకులు ప్రబలుదురని మరియొక యాచార్యు డాక్షేపించెను. ఆ యాక్షేపమును గూడ మిష్నా మరుగుపరచలేదు. ప్రాణాపాయము గలిగినప్పుడు విశ్రాంతిదినమును మీరుట దోషముకాదు, విధియే. విగ్రహారాధనము, హత్య, అగమ్యగమనము అను మూడు తప్ప తక్కిన యాజ్ఞలన్నియు ప్రాణరక్షణమునకు లోబడును.

ఈ యధికారము మనుష్యుల కెక్కడిది? తల్ముదులో నొక కథ యిందుకు సమాధానము. ఒక పొయ్యి శుద్ధాశుద్ధములనుగూర్చి ఎలీయెజెరను మహాపండితుడు సభతో వాదించెను. తన పక్షమున అద్భుతములు జరిగించెను. ఆకాశవాణి సయితము అతడు చెప్పినదే సత్యమని పలికెను. అంతట యెహోషువ యను నాచార్యుడు లేచి, శాస్త్రము ఆకాశమున లేదు, మనుష్యులకీయబడినది, అధికసంఖ్యాకుల నిర్ణయమే గ్రాహ్యమనెను. ఈ కథను పలువు రింతవరకే చెప్పుదురు. తరువాతిభాగము మరింత గొప్పది. ఓడిన ఎలీయెజెరును సభ బహిష్కరించినది. ఆయన దుఃఖము లోకమునకు నరిష్టమైనదనియు, సభాధ్యక్షుడగు గమలీయేలు మృతికిని అదియే కారణమైనదనియు తల్ముదు చెప్పుచున్నది. ఈ కథ యున్నది మాటలచే నితరులను నొప్పించుటనుగూర్చిన ప్రకరణములో! నిర్ణయాధికారము సభకు గలదు. ఓడినవానిని అవమానించు నధికారము మాత్రము లేదు.

న్యాయస్థానములలో దిరుగువారికి మరియొక విశేషము తోచకమానదు. హిల్లేలు శిష్యులకును షమ్మాయి శిష్యులకును గలిగిన వివాదములను మిష్నా రెండుపక్షములను జేర్చి వ్రాసినది. ఓడిన పక్షమును వ్రాయుట యేలయను ప్రశ్నకు, రాబోవు నొకానొక సభ దానిపై నాధారపడవచ్చునని సమాధానము చెప్పినది. భిన్నాభిప్రాయమును న్యాయమూర్తులు లేఖనము చేయుటకు కారణము నిదియే గదా!

అయినను ఈ విధానమును కేవలము స్తుతించి విడుచుట సత్యమునకు విరుద్ధము. శాస్త్రప్రకారము విడాకుల పత్రమును భర్తయే తన యిష్టముతో నీయవలెను. భర్త కనబడకపోయినను, పగచేత నీయకపోయినను, భార్య పునర్వివాహమునకు అర్హురాలు గాక కట్టుబడియుండును. అట్టి స్త్రీని అగూనా యందురు. క్రీ. శ. 1000 ప్రాంతమున జర్మనీలోని గెర్షోము అను నాచార్యుడు బహుభార్యాత్వమును, భార్య సమ్మతిలేని విడాకులను నిషేధించెను. భర్త నిరాకరణమునకు మాత్రము పూర్తి చికిత్స దొరకలేదు. ఇస్రాయేలు దేశమున 1995లో జేసిన చట్టము ప్రకారము, మతన్యాయసభ యాజ్ఞను ధిక్కరించు భర్తపై అనేక నిర్బంధములు విధింపవచ్చును, చెరసాలకును బంపవచ్చును. పత్రము మాత్ర మతడే యీయవలెను. ఋణపత్రమునకు ఉపాయము గనిన బుద్ధి, మరణశిక్షను మూలకు ద్రోసిన బుద్ధి, ఈ స్త్రీల కన్నీటియెదుట నేల తడబడవలెను? చర్చాసభలో వారికి చిరకాలము స్థానము లేకపోవుట యొక కారణమని తోచుచున్నది.

ఈ లోపములను జూచియే పందొమ్మిదవ శతాబ్దిలో జర్మనీయందు సంస్కరణోద్యమము బయలుదేరెను. 1810లో సేసను పట్టణమున క్రొత్తరీతి ప్రార్థనామందిరము తెరవబడెను. ఆబ్రహాము గైగరు చరిత్రదృష్టితో శాస్త్రమును వ్యాఖ్యానించెను. 1885లో అమెరికాలోని పిట్సుబర్గున గూడిన సంస్కర్తలు నీతివిధులే శాశ్వతములనియు, ఆహారనియమాదులు కాలధర్మములనియు ప్రకటించిరి. కాని 1937లో వారి వారసులే కొలంబసు పట్టణమున గూడి, పండుగలు, విశ్రాంతిదినము, గృహాచారములు నిలుపుకొనవలెననిరి. ఆచారమును బొత్తిగా విడిచిన నీతి, పిల్లలకు సంక్రమించుట కష్టమని వారు గ్రహించినట్లు తోచును. 1935లో జర్మనీయందు రెగీనా యోనాసు ప్రథమ స్త్రీ రబ్బీయై, 1944లో ఆష్‌విట్జున హతురాలయ్యెను. నాజీలు చంపిన సుమారు 60 లక్షల యూదులలో నామె యొకతె. 1972లో అమెరికాయందు మరల నొక స్త్రీ ఆ పదవి నొందెను.

ఈ మతము మనకు దూరపుది కాదు. కొచ్చిలోని పరదేశి ప్రార్థనామందిరము 1568 నాటిది. బొంబాయి ప్రాంతమున బెనె ఇస్రాయేలు వారు తరతరములుగా గలరు. గుంటూరుజిల్లాలో చేబ్రోలు సమీపమున తెలుగే మాతృభాషగాగల యొక చిన్న సమాజము బెనె ఎఫ్రాయీము అను పేర 1991లో ప్రార్థనామందిరమును నెలకొల్పుకొని విశ్రాంతిదినము నాచరించుచున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానమిట్లు తేలుచున్నది. శాస్త్రము దత్తమైనపుడే దాని యర్థనిర్ణయమును మనుష్యునకు దత్తమైనది. కాబట్టి వివేకముతో వ్యాఖ్యానించుట దైవద్రోహము కాదు, దైవము పెట్టిన భారమును మోయుట. అయితే ఆ యధికారమునకు పరీక్ష యొకటి గలదు. పండితులు తృప్తిపడుట పరీక్ష కాదు. ఏ విధివలన నెవరు బాధపడుచున్నారో వారి మొర నిర్ణయసభలో వినబడుచున్నదా యనునదే పరీక్ష. హిల్లేలు బీదల మొర వినెను, పత్రము పుట్టెను. అగూనాల మొర చాలకాలము సభ వెలుపలనే యుండెను. శృంఖల నేటికిని దెగలేదు. ఏ దేశమునందైనను, ఏ శాస్త్రమును జేతబట్టినవారైనను, తమ గ్రంథమును తెరచుటకుముందు తమ సభ తలుపు తెరచియున్నదో లేదో చూచుకొందురుగాక.