ఒకరిలో పోయి మరొకరిలో నిలిచే వైరస్: కర్మా, జన్యువా?

హెచ్‌పీవీ అనే వైరస్ సోకిన స్త్రీలలో పదిమందికి తొమ్మిదిమందిలో అది రెండేళ్లలోపే దానంతట అదే పోతుంది. మిగిలినవారిలో గర్భాశయ ముఖద్వారం దగ్గర తిష్ఠ వేసి, కొందరిలో ఏళ్ల తరబడి కణాలను మారుస్తూ క్యాన్సర్ ముందు దశకు తెస్తుంది. ఈ తేడా ఎక్కడిది? వైద్యులకు ఇది రోగనిరోధక శక్తికి సంబంధించిన విషయం. జబ్బుపడిన మనిషికి మాత్రం అది ‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్న. దానికి మన ఇళ్లలో సిద్ధంగా ఉండే జవాబు కర్మ. పైగా ఇది లైంగిక సంపర్కంతో సోకే వైరస్ కాబట్టి పూర్వజన్మ పాపానికి ఈ జన్మ నడవడిక మీద అనుమానం కూడా తోడవుతుంది. భర్త నుంచి సోకినా నింద భార్యకే.

ఇలాంటి తీర్పులకు లెక్కలు ఆధారమవుతాయనుకోవడం పొరపాటు. 1842లో ఇటలీ వైద్యుడు దొమెనికో రిగోని-స్టెర్న్ వెరోనా నగర మరణాల రికార్డులు పరిశీలించి, గర్భాశయ క్యాన్సర్ పెళ్లైనవారిలో ఎక్కువగా, క్రైస్తవ సన్యాసినులలో అరుదుగా ఉందని చూపాడు. శీలమే వారిని కాపాడిందని సరిపెట్టుకోవచ్చు. కానీ అదే రికార్డుల్లో రొమ్ము క్యాన్సర్ సన్యాసినులలోనే ఎక్కువ. మొదటిది పుణ్యఫలమైతే రెండోది ఏ పాపానికి?

జన్యువుల పాత్ర 1999లో స్వీడన్ పరిశోధకులు మాగ్నుసన్, స్పారెన్, గిలెన్‌స్టెన్ ప్రచురించిన అధ్యయనంతో స్పష్టమైంది. గర్భాశయ ముఖద్వార కణితులు వచ్చిన స్త్రీల కన్నతల్లులకు, తోడబుట్టిన అక్కచెల్లెళ్లకు ఆ ముప్పు దాదాపు రెండింతలు. పెంచిన తల్లులకు అంత పెరుగుదల కనిపించలేదు. అంటే ఒకే ఇంట్లో ఉండడం కన్నా రక్తసంబంధమే ఎక్కువ పనిచేస్తోంది.

ఆ వారసత్వంలో కొంత భాగం ఆరో క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ జన్యువులది. వైరస్ ప్రొటీన్ ముక్కలను పట్టుకుని రోగనిరోధక కణాలకు చూపించే అణువులను తయారుచేసేవి ఇవే. ఆ అణువు ఆకారాన్ని బట్టి ఒకరి శరీరం వైరస్‌ను వెంటనే పోల్చుకుంటుంది, ఇంకొకరిది పోల్చుకోలేకపోతుంది. డీఆర్‌బీ1*15:01, డీక్యూబీ1*06:02 అనే రూపాలు జంటగా ఉన్నవారికి ఈ ముప్పు కాస్త ఎక్కువని స్వీడన్ పరిశోధనల్లో తేలింది. చిత్రమేమిటంటే, ఈ డీక్యూబీ1*06:02 టైప్-1 మధుమేహం రాకుండా గట్టిగా కాపాడుతుంది. ఒకే జన్యురూపాన్ని ఒక జబ్బు దగ్గర శిక్షగా, మరో జబ్బు దగ్గర వరంగా లెక్కగట్టే కర్మ ఖాతా ఏదైనా ఉంటే, అది మనుషులకు అర్థమయ్యే న్యాయం మాత్రం కాదు.

అన్నిటినీ పూర్వకర్మకే అంటగట్టడం మన ప్రాచీన ఆలోచనాపరులు అందరికీ సమ్మతం కాదు. సంయుత్త నికాయంలోని సీవక సుత్తంలో బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు వంటి కారణాలతో పాటే కర్మనూ ఒక కారణంగా చెబుతాడు. అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేననడాన్ని తప్పుపడతాడు. చరక సంహిత విమానస్థానంలో ఆత్రేయుడు ఆయుర్దాయాన్ని దైవం (పూర్వకర్మ), పురుషకారం (ఈ జన్మ ప్రయత్నం) రెండింటి మీదా నిలబెడతాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, రెచ్చిపోయిన ఏనుగును చూసి పక్కకు తప్పుకోవడమెందుకు అన్నది ఆయన వాదన సారాంశం.

జన్యువును కొత్త నుదుటిరాతగా చూసేవారికీ ఈ వాదన వర్తిస్తుంది. ఈ జబ్బు వారసత్వాన్ని స్వీడన్ పరిశోధకులు 27 శాతంగా అంచనా వేశారు. అది జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాను కొలిచే అంకె. ఏ ఒక్క స్త్రీ జబ్బులోనైనా అంత వాటా తల్లిదండ్రులదని దాని అర్థం కాదు. మిగతా తేడాలో పొగతాగడం, హెచ్‌ఐవీ వల్ల తగ్గిన నిరోధక శక్తి, వైరస్ రకం వంటివెన్నో ఉన్నాయి. హెచ్‌ఎల్‌ఏ రకాన్ని చూసి ఎవరికి పరీక్ష చేయాలో నిర్ణయించే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో లేదు. 30 ఏళ్లు దాటిన స్త్రీలందరికీ అయిదు నుంచి పదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష, హెచ్‌ఐవీ ఉన్నవారికి 25 ఏళ్ల నుంచే, మరింత తరచుగా; బాలికలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా అని అవి చెబుతున్నాయి.